అప్పలకొండమ్మ మానేసిన చుట్ట

మా దీవిలో, ఓడరేవు పక్కనున్న హాడో క్వార్టర్లలో ఎవరింట్లోనైనా పసిబిడ్డ పుడితే అమ్మమ్మ, నాయనమ్మల కన్నా ముందు అప్పలకొండమ్మకు కబురు వెళ్ళేది. తెలుగువాళ్ళమే కాదు, తమిళులూ బెంగాలీలూ రాంచీవాళ్ళూ కూడా ఆమెనే పిలిపించుకునేవాళ్ళు. వాళ్ళందరికీ ఆమె "ఆంధ్రావాలీ నానీ". పసిబిడ్డకు ఆమె లాల పోస్తుంటే చూడాలి. బాత్‌రూమ్‌లో చిన్న పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి లాక్కుని, రెండు కాళ్ళూ చాపి, ఆ కాళ్ళ మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టుకునేది. నూనె రాసి, సున్నిపిండి నలిచి, వేణ్ణీళ్ళు ముందు తన మోచేతి మీద పోసుకుని చూసి, అప్పుడు బిడ్డ వీపు మీద పోసేది. ఎంత గుక్కపట్టిన బిడ్డయినా రెండో చెంబుకల్లా ఏడుపు మానేసేది. నా ఇద్దరు పిల్లలూ ఆ కాళ్ళ మీద పెరిగినవాళ్ళే.

ఆఖరున ఒక పని ఉండేది. బిడ్డను ఎత్తి మొహానికి దగ్గరగా పట్టుకుని, రెండు చెవుల్లోనూ ముక్కులోనూ నడినెత్తి మీదా "ఉఫ్" అని ఊదేది. ఊదితే గానీ లాల పూర్తయినట్టు కాదు. లోపల చేరిన నీళ్ళు పోతాయని ఆమె అంటుంది. అలా ఊదకూడదని ఆస్పత్రిలో నర్సులు అంటారు. మా క్వార్టర్లలో నర్సుల మాట ఆస్పత్రి గేటు దగ్గరే వదిలేసి వచ్చేవాళ్ళు ఎక్కువ, నాతో సహా.

అప్పలకొండమ్మ పుట్టింది ఈ దీవుల్లోనే. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి చేపల వేటకు వచ్చి స్థిరపడిపోయాడు. ఆమె ఆ ఊరు ఎన్నడూ చూడలేదు గానీ మాట మాత్రం ఆ ఊరిదే, మధ్యమధ్య ఈ దీవుల హిందీ. భర్త సూరయ్యకు సొంత డింగీ పడవ ఉండేది. బ్రూక్షాబాద్‌లో కాపురం. తెల్లారకముందే పడవలు వచ్చేవి, ఆడవాళ్ళు ఒడ్డున కూర్చుని చేపలు ఏరి గంపలకెత్తేవాళ్ళు. అక్కడే ఆమెకు అడ్డపొగ అలవాటైంది.

అడ్డపొగ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. చుట్టను అందరిలాగా కాకుండా, వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకుని తాగడం. మా ఉత్తరాంధ్ర ఒడ్డు ఆడవాళ్ళ పద్ధతి అది. రెండు చేతులూ చేపల్లో ఉంటాయి, మీద నీళ్ళు చిందుతుంటాయి. నిప్పు నోట్లో ఉంటే తడికి ఆరదు, బూడిద గంపలో రాలదు. ఇంకో సుఖం కూడా ఉంది. చీకట్లో తాగినా నిప్పు కనపడదు, కాబట్టి పెద్దవాళ్ళ ఎదురుగా తాగిన తప్పు ఉండదు. అలా ఆమె అంగిలి గట్టిపడిపోయింది. వేడివేడి చారు కూడా చల్లార్చుకోకుండా తాగేసేది.

సూరయ్య పోయాక కొడుకు ధనరాజు ఆమెను హాడో తీసుకొచ్చాడు. అతను ఓడరేవులో పెద్ద ఓడలను లాగే టగ్గు పడవ మీద పనిచేస్తాడు. రెండో అంతస్తులో క్వార్టరు, ముందు గదిలో సోఫా, గోడకు పెద్ద టీవీ, కోడలు శ్రీలక్ష్మి, మనవరాలు సుమ. అప్పలకొండమ్మ ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజే చుట్టల కట్టను చీరల పెట్టె అడుగున దాచేసింది. అలా దాచమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ సోఫా చూడగానే ఆమెకే తోచింది.

ఆ రోజు నుంచి పొద్దున్నే బట్టలు ఆరేసే నెపంతో డాబా ఎక్కి, నీళ్ళ ట్యాంకు వెనక నిలబడి చుట్ట కాల్చుకునేది. తరువాత ఉప్పునీళ్ళు పుక్కిలించి, లవంగం నమిలి, కిందికి దిగేది. ఇంట్లో ఎవరికీ తెలియదని ఆమె నమ్మకం. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఈ బిల్డింగులో మగవాళ్ళు మెట్ల మీద కూర్చుని బీడీలు ఊది, ఆ పీకలు నా తులసి కుండీలో గుచ్చి పోతారు. వాళ్ళకు సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు. పదేళ్ళ వయసు నుంచి చేపల గంపలు మోసిన ఆడది మాత్రం తన కొడుకు ఇంట్లో ట్యాంకు వెనక దొంగలా నిలబడాలి. అలాగని చుట్ట మంచిదని నేను అనడం లేదు, తరువాత జరిగింది వింటే మీకే తెలుస్తుంది.

శ్రీలక్ష్మికి రెండో కాన్పు దగ్గర పడుతున్న రోజుల్లో నేను కరివేపాకు కోసం వాళ్ళింటికి వెళ్ళాను. సుమ రెండో తరగతి పిల్ల. కంట్లో ఏదో పడిందని గోల పెడుతోంది. అప్పలకొండమ్మ పిల్ల గడ్డం పట్టుకుని, రెప్ప పైకెత్తి, ఊదబోయింది. సుమ రెండు చేతులూ అడ్డం పెట్టుకుని మొహం పక్కకు తిప్పేసింది.

"నానమ్మా, మత్ ఊదో! బద్బూ ఆతా హై!"

కంపు అన్న ఆ మాట విని కూడా ధనరాజు టీవీ వైపు చూస్తూ ఉండిపోయాడు. శ్రీలక్ష్మి మాత్రం చటుక్కున లేచి సుమ వీపు మీద ఒకటి వేసింది. "నోర్ముయ్! నానమ్మ చేపలు కడిగొచ్చింది, తెలీదేటి?"

ఆ రోజు ఆ ఇంట్లో చేపలు లేవు. పప్పూ, బెండకాయ వేపుడూ. ఆ సంగతి నాకు కనపడుతూనే ఉంది, అప్పలకొండమ్మకూ తెలుసు. ఆమె చేతులు కిందికి దింపుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను కరివేపాకు అడగకుండానే వచ్చేశాను.

ఆ పూట తన మనసులో ఏం తిరిగిందో చాలా రోజుల తరువాత ఆమే నాకు చెప్పింది. "సుమ కాబట్టి మొకం తిప్పుకుందమ్మా. రేపు పుట్టే పసిగుడ్డు ఏటి తిప్పుకుంటాది? నా కాళ్ళ మీద పడుకోబెట్టి నా నోటి కంపు దాని ముక్కులో ఊదనా? ఇన్నాళ్ళూ ఎంతమంది సంటి గుంటలకి ఊదినానో, సిగ్గేసింది." ఆ ఎంతమందిలో నా ఇద్దరూ ఉన్నారు. ఆమె నా మొహం చూడకుండానే ఆ మాట అంది.

మర్నాడే ఆమె చుట్టల కట్టను బాత్‌రూమ్ బకెట్‌లో నానబెట్టి, పాత పేపర్లో చుట్టి చెత్తలో పడేసింది. ఎన్నో ఏళ్ళ అలవాటును ఒక్క పూటలో తెంచుకుంది. ఎవరికైనా చెప్పుకుంటే మెచ్చుకుని ఉండేవాళ్ళు. కానీ చెప్పాలంటే ముందు తాగేదాన్నని చెప్పాలి కదా. అందుకని మానడం కూడా తాగినట్టే చాటుగా జరిగింది. తల నొప్పి, చిరాకు, నిద్ర పట్టకపోవడం, అన్నీ సోంపు గింజలు నములుతూ మింగుకుంది. మనవరాలో మనవడో వచ్చేనాటికి నోరు శుభ్రంగా ఉండాలి, ఆ బిడ్డకు తానే లాల పోయాలి. ఆమెకు ఆ ఒక్కటే కావాలి.

రెండు వారాలు గడిచాక దగ్గు మొదలైంది.

పొద్దున లేవగానే కాస్త దగ్గడం ఆమెకు ముందు నుంచీ ఉన్నదే. చుట్ట పడితే సర్దుకునేది. ఇది ఆ దగ్గు కాదు. పగలంతా కళ్ళ వెంట నీళ్ళు కారేలా దగ్గేది, ఛాతీలోంచి మట్టిరంగు తెమడ తెరలు తెరలుగా వచ్చేది. మూత ఉన్న పాత హార్లిక్స్ సీసా ఒకటి పక్కన పెట్టుకుని అందులో ఉమ్మేది. కింద మా ఇంట్లోకి కూడా ఆ దగ్గు వినపడేది. చుట్ట మానితే ఒళ్ళు బాగుపడాలి గానీ ఇదేమిటని ఆమె భయపడింది. నిప్పు లేక లోపల చల్లబడి కఫం కట్టిందేమో అనుకుంది. పొగ కఫాన్ని కాలుస్తుందని బ్రూక్షాబాద్ ఒడ్డున ఆడవాళ్ళందరూ అనుకునేదే. అయినా ముట్టలేదు.

ఇంతలో శ్రీలక్ష్మి ప్రసవించింది. ఆడపిల్ల. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు అప్పలకొండమ్మ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, గుమ్మంలో దిష్టి తీసి, చేతులు చాపింది. చాపిన చేతులతోనే దగ్గు తెర ముంచుకొచ్చి గోడ పట్టుకుని వంగిపోయింది. శ్రీలక్ష్మి బిడ్డను భుజానికి అదుముకుని లోపలికి వెళ్ళి గది తలుపు చేరవేసింది.

"అమ్మా, కొన్నాళ్ళు పాపకి దూరంగా ఉండు," అన్నాడు ధనరాజు. "ఆ దగ్గేదో తేలనీ."

ఆమెకు కంచం, గ్లాసు వేరు పెట్టారు. బాల్కనీలో మంచం వేశారు. పాపకు లాల పోయడానికి ఎదురు క్వార్టరు బేబీరాణిని పిలిచారు. బేబీరాణి మంచిదే గానీ పసిబిడ్డను బట్ట ఉతికినట్టు ఉతికేస్తుంది. లోపల పాప గుక్కపట్టి ఏడుస్తుంటే అప్పలకొండమ్మ బాల్కనీలో కూర్చుని, "నీళ్ళు ఎక్కువ కాగినాయే బేబీ, తల ఎత్తి పట్టు, ఓలమ్మో, తల ఎత్తి పట్టు" అని తనలో తాను అనుకునేది. పైకి అంటే దగ్గు వచ్చేది.

బిల్డింగులో అప్పటికే టీబీ అన్న మాట పాకింది. అది ఎవరు పుట్టించారో తెలియదు. మెట్ల మీద ఎదురైతే జనం ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకునేవాళ్ళు. నిన్నటి దాకా ఆమె చేతుల్లో తమ పిల్లలను పెట్టినవాళ్ళే. ఆమె మెట్లు దిగడం మానేసింది.

ధనరాజు ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. తెమడ పరీక్ష చేశారు, ఎక్స్‌రే తీశారు. టీబీ లేదు. ఆ డాక్టరు వయసులో చిన్నవాడు, మెయిన్‌ల్యాండ్ నుంచి కొత్తగా వచ్చాడు. ఎక్స్‌రేని వెలుగుకు పెట్టి చూసి, ఆమె రొమ్ము మీదా వీపు మీదా గొట్టం పెట్టి విని, ధనరాజును అడిగాడు. "మాతాజీ తంబాకూ పీతీ థీ క్యా? ఈ మధ్య మానేశారా?"

"నహీ సాబ్," అన్నాడు ధనరాజు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "హమారే ఘర్ మే లేడీస్ లోగ్ ఏ సబ్ నహీ కర్తే."

అప్పలకొండమ్మ కొడుకు మొహంలోకి చూసింది. బ్రూక్షాబాద్‌లో ఉన్నప్పుడు ఆమె చేపలు ఏరుతూ "ఒరే" అని కేక వేస్తే, పరుగెత్తుకెళ్ళి చుట్ట తెచ్చి, చేతులు తడి అని తల్లి నోటికి తానే అందించిన పిల్లవాడు అతను. వైజాగు ఓడ వచ్చిన రోజున కొత్త చుట్టల కట్ట విప్పి, వాసన చూసి ఇచ్చేవాడు. ఇప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చుని, చేతిలో ఫోను పట్టుకుని, డాక్టరు కళ్ళలోకి చూస్తూ లేదన్నాడు. ఆమెకు కొడుకు మీద కోపం రాలేదు. వాడి చేత ఆ మాట అనిపించింది తానే కదా అని తల దించుకుంది.

డాక్టరు కాగితం మీద మందు రాస్తూనే, "తాగే అలవాటుండి మానేసి ఉంటే భయపడాల్సింది ఉండేది కాదు, అందుకే అడిగాను" అని హిందీలో చెప్పుకుంటూ పోయాడు. గాలిగొట్టాల లోపలి గోడలకు కంటికి కనపడని నూగు ఉంటుందట. లోపలికి పోయిన దుమ్మూ మసీ జిగురుకు అంటుకుంటే, ఆ నూగు ఎప్పుడూ కదులుతూ ఆ జిగురును గొంతు వైపు ఊడ్చి పైకి తోస్తుందట. పొగ తగిలితే అది మొద్దుబారి కదలడం మానేస్తుంది, రాలిపోతుంది కూడా. జిగురు మాత్రం ఇంకా ఎక్కువగా ఊరుతుంది. ఊడ్చే దిక్కు లేక లోపలే పేరుకుపోతుంది. మనిషి పొగ మానేస్తే కొన్నాళ్ళకు నూగు మళ్ళీ మొలిచి పని మొదలుపెడుతుంది, పేరుకున్న చెత్తంతా పైకి తోస్తుంది. అందువల్ల కొందరికి మానేశాకే దగ్గు పెరుగుతుంది. కొన్ని వారాలకు దానంతటదే తగ్గుతుంది.

"అది రోగం కాదు, లోపల సఫాయి జరుగుతున్నట్టు," అన్నాడు. "కానీ మీ కేసు అది కాదు కదా. నెల చూద్దాం. తగ్గకపోతే పెద్ద పరీక్షలు."

ఒక్క మాట చాలు. "నాను మానీసినాను బాబూ" అంటే చాలు. తనకు టీబీ లేదు, కఫం కట్టలేదు, తన ఒళ్ళు తనను బాగుచేసుకుంటోంది. ఆ సంగతి ఆ గదిలో ఆమె ఒక్కదానికే తెలిసింది. నోరు తెరిచింది, కొడుకు చేతిలో ఫోను చూసింది, మళ్ళీ మూసుకుంది. బస్సులో వస్తూ కూడా రెండుసార్లు చెప్పబోయిందట. పక్క సీట్లో ధనరాజుతో పనిచేసేవాళ్ళు ఉన్నారట. ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటూనే ఉంటారు.

ఓపిక పట్టి ఉంటే సరిపోయేది. కొన్ని వారాలే కదా అని నేను తరువాత అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపు నేను మరిచిపోను. పాపకు రోజులు ఆగవు. బిడ్డ కాస్త గట్టిపడ్డాక లాల పోయడానికి ఎవరైనా సరిపోతారు. అప్పలకొండమ్మ కాళ్ళు కావలసింది ఈ మొదటి నెలలోనే. పరాయి బిడ్డలందరికీ ఆ నెల ఇచ్చి, సొంత బిడ్డకు లేకుండా పోతోంది. పైగా మానేస్తే దగ్గు ఎందుకు వస్తుందో డాక్టరు చెప్పాడు కాబట్టి, ఆ దగ్గు ఎలా ఆగుతుందో కూడా ఆమెకు అర్థమైంది.

ఆదివారం రామలక్ష్మిని చూసి వస్తానని బ్రూక్షాబాద్ వెళ్ళింది. రామలక్ష్మి ఆమెతో కలిసి చేపలు ఏరిన మనిషి. అడక్కుండానే చుట్ట చేతిలో పెట్టింది. అప్పలకొండమ్మ తెలిసి తెలిసి వెలిగించుకుని, నిప్పు లోపలికి తిప్పుకుంది. మొదటి గుక్కకు కళ్ళు తిరిగాయట. సాయంత్రం వస్తూ నాలుగు కొంగున కట్టుకుని తెచ్చుకుంది.

రెండు మూడు రోజుల్లో దగ్గు తగ్గుముఖం పట్టింది. ఆ వారం తిరిగేసరికి పొద్దున కాసేపు తప్ప వినపడలేదు. హార్లిక్స్ సీసా ఖాళీగా ఉంటోంది. "మందు పనిచేసింది" అన్నాడు ధనరాజు. మళ్ళీ సోఫాలో కూర్చోమన్నారు. కంచాలు కలిపేశారు. బిల్డింగులో అందరూ పలకరించసాగారు. నేనే నిమ్మకాయ పులిహోర చేసి పట్టుకెళ్ళాను. ఆమె తిన్నది గానీ తల ఎత్తలేదు. జబ్బు చేసి లేచిన మనిషి కదా, నీరసం అనుకున్నాను.

"రేపు పాపకి నువ్వే లాల పొయ్యి అత్తా," అంది శ్రీలక్ష్మి. "బేబీ అక్క చేతిలో రోజూ ఏడుపే."

ఆ మర్నాడు నేనూ వెళ్ళాను, ఆమె చేతిలో బిడ్డను చూసి చాలా కాలమైందని. ధనరాజు డ్యూటీకి బట్టలేసుకుని కూడా గుమ్మంలో ఆగాడు. బేబీరాణి తువ్వాలు పట్టుకుని నిలబడింది, తన తప్పులు దిద్దుకుందామని నవ్వుతూ అంది. అప్పలకొండమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. శ్రీలక్ష్మి పాపను ఆ కాళ్ళ మీద పడుకోబెట్టింది. నూనె, సున్నిపిండి, మోచేతి మీద నీళ్ళు, అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. పాప రెండో చెంబుకల్లా ఊరుకుంది. కళ్ళు తెరిచి, తడిసిన రెప్పలతో ఆమె వైపు చూస్తూ ఉండిపోయింది. శ్రీలక్ష్మి ఆనందంతో నా చెయ్యి నొక్కింది.

లాల అయిపోయింది. అప్పలకొండమ్మ పాపను ఎత్తి మొహం దగ్గరికి తెచ్చుకుంది. పాప ముక్కులోంచి పసిపిల్లలకు వచ్చే గురగుర వినపడుతోంది. ఆమె పెదాలు ముడిచింది. ముడిచిన పెదాలు అలాగే ఉండిపోయాయి.

"ఊదు పిన్నీ," అంది బేబీరాణి. "పాపకి చలేస్తాది."

ఆమె ఊదలేదు. పాపను మొహానికి దూరంగా, చేతులు చాచినంత దూరంగా పట్టుకుంది. 

"ఏటయింది అత్తా? దగ్గొస్తందా?"

"రాదమ్మా. రాకుండా సేసుకునే వచ్చినాను." ఆమె పాపను శ్రీలక్ష్మి వైపు చాపింది. "నా నోటి గాలి ఈ గుంటకి తగలకూడదు. పొద్దున్నే డాబా మీద చుట్ట తాగీసి వచ్చినాను. తీసుకో తల్లీ, నీ బిడ్డని తీసుకో."

బేబీరాణి నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఆశ్చర్యమో నాకు తెలియలేదు గానీ, ఏదైనా సరే ఆ క్షణంలో ఆమెను గెంటేయాలనిపించింది. శ్రీలక్ష్మి వంగి పాపను తడి ఒంటితోనే భుజాన వేసుకుంది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు, కోపం ఉంది.

"నువ్వు చుట్ట తాగుతావని ఈ ఇంట్లో తెలీందెవరికి అత్తా?" అంది. "నీకు సిగ్గని మేమెవరం నోరెత్తలేదు. అందుకే కదా పాపని దూరం పెట్టినాను. దగ్గెక్కువైతే చుట్టలెక్కువైనాయనుకున్నాను. మొన్న తగ్గితే, పోన్లే, పాప కోసం మానీసింది అనుకుని నీ చేతిలో పెట్టినాను."

అప్పలకొండమ్మ పీట మీద నుంచి లేవలేదు. కాళ్ళు ఇంకా చాపే ఉన్నాయి, వాటి మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"మానీసినప్పుడే దగ్గినాను తల్లీ," అంది.

శ్రీలక్ష్మికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. డాక్టరు మాటలు విన్నవాడు ధనరాజు ఒక్కడే. అతనికి మాత్రం అర్థమైంది. బూట్లతోనే బాత్‌రూమ్ తడిలోకి వచ్చి తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"డాక్టరు అడిగినప్పుడు ఎందుకు సెప్పలేదమ్మా? పక్కనే ఉన్నావు కదా!"

"నువ్వు లేదని సెప్పీసినావు కదరా," అంది ఆమె. "సదువుకున్న బాబు ముందల నా కొడుకుని అబద్ధాలోడ్ని సెయ్యనా?"

ధనరాజు ఆమె చీర అంచు నుంచి కారుతున్న నీళ్ళను చేత్తో తుడవబోయి, ఎక్కడ తుడవాలో తెలియక ఆగిపోయాడు. నేను బేబీరాణిని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాను. ఆ ఇంటి సిగ్గు ఆ ఇంటివాళ్ళే పడాలి, చూడ్డానికి మనమెందుకు?

ఆ రోజే ఆమె మిగిలిన చుట్టలు కోడలి చేతికిచ్చింది. అనుకున్నట్టే రెండు వారాలకు దగ్గు మళ్ళీ మొదలైంది. మళ్ళీ జనం గుసగుసలు. ఒక సాయంత్రం మెట్ల మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు, వాళ్ళలో ధనరాజు టగ్గు మీద పనిచేసే జోగులు కూడా ఉన్నాడు. ఆ జబ్బు మళ్ళీ వచ్చిందా అని ఒకాయన అడిగాడు. "ధనరాజ్ భయ్యా, మాతాజీ కో ఫిర్ సే వో బీమారీ?"

ధనరాజు మెట్టు మీద ఆగాడు. నేను తులసి కుండీకి నీళ్ళు పోస్తున్నాను. అతని చెవులు ఎర్రబడటం నాకు కనపడింది.

"బీమారీ నహీ హై," అన్నాడు. గొంతు అవసరం కన్నా పెద్దగా వచ్చింది. "మా అమ్మ చుట్ట తాగేది. మా ఆడవాళ్ళు తాగుతారు, నిప్పు నోట్లో పెట్టుకుని. చిన్నప్పుడు నేనే తెచ్చిచ్చేవాణ్ణి. ఇప్పుడు ఛోడ్ దియా, మానేసింది. అందుకే దగ్గు. డాక్టరుకి కూడా నిన్న వెళ్ళి చెప్పి వచ్చాను, ఆ రోజు నేను చెప్పింది ఝూట్ అని."

 జోగులు చేతిలోని బీడీని చూసుకున్నాడు. పైన బాల్కనీలో దగ్గు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆమె విన్నదని నాకు అర్థమైంది.

మర్నాడు వెళ్ళి చూశాను. "అంతమంది మగాళ్ళ ముందల అనీసినాడమ్మా," అంది అప్పలకొండమ్మ, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని. "సిగ్గుతో సచ్చిపోయినాను. ఇంక మెట్లెలా దిగను?" అలా అంటూనే దగ్గింది, చాలాసేపు దగ్గింది. లోపలి నుంచి శ్రీలక్ష్మి వేణ్ణీళ్ళ గ్లాసు తెచ్చి, ఆమె వీపు నిమిరి, పాపను పక్కనే పడుకోబెట్టి వెళ్ళింది.

పాపకు లాల ఇప్పుడు శ్రీలక్ష్మే పోస్తోంది. ఊదడం మానేసి మెత్తటి గుడ్డతో తుడుస్తోంది. అప్పలకొండమ్మ గుమ్మంలో కూర్చుని, తల ఎలా పట్టాలో, నీళ్ళెంత వేడి ఉండాలో చెబుతుంది. నువ్వే పొయ్యమని శ్రీలక్ష్మి రోజూ అడుగుతుందట. ఈమే వద్దంటుంది. దగ్గు తగ్గుతోంది కదా, ఈసారి నిజంగానే తగ్గుతోంది కదా, పిల్లను కాళ్ళ మీద వేసుకోవడానికి ఇంకేమిటని నేను కోప్పడ్డాను.

ఆమె పాప అరికాలును వేలితో తాకి, వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వాళ్ళు నన్ను నమ్ముతున్నారమ్మా. మొన్న కూడా నమ్మే కదా ఇచ్చినారు," అంది. "నానే నన్ను నమ్మలేకపోతన్నాను."